ఖండన ఏ పేజీలో వేస్తారు?

చాలా ఏళ్ల కిందట నేనొక జిల్లా ఎడిషన్ డెస్క్‌లో పనిచేస్తున్న రోజుల్లో ఒక హైస్కూలు మాస్టారు మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో మా పేపరు టాబ్లాయిడ్ మొదటి పేజీ, నాలుగు మడతలు పెట్టి ఉంది. మధ్యాహ్న భోజనం బియ్యం ఆయన అమ్ముకున్నారని అందులో వార్త. అమ్ముకున్నది వేరే మండలంలో అదే పేరున్న మరో మనిషి. పొరపాటు మాదేనని అరగంటలో తేలింది. ఖండన వేశాం. మూడు రోజుల తర్వాత, ఏడో పేజీ అడుగున, పెళ్లి సంబంధాల ప్రకటన పక్కన, నాలుగు లైన్లు. మాస్టారు మళ్లీ వచ్చారు. కోపం లేదు, పాఠం అర్థంకాని పిల్లాడిలా అడిగారు: "తప్పు మొదటి పేజీలో వేశారు కదండీ, ఒప్పు ఏడో పేజీలో వేశారేం?" మా ఇన్‌చార్జి ఏదో గొణిగాడు. మాస్టారు రెండో ప్రశ్న వేశారు. "మా మీద డీఈవో ఉంటాడు. మీ మీద ఎవరుంటారండీ?"

మీడియాకు స్వతంత్ర నియంత్రణ సంస్థ కావాలా వద్దా అన్న చర్చ మన దేశంలో డెబ్బై ఏళ్లుగా నడుస్తోంది. రెండు ప్రెస్ కమిషన్లు, రెండు చట్టాలు, పార్లమెంటరీ సంఘాల నివేదికలు, సుప్రీంకోర్టు తీర్పులు దాని చుట్టూ పేరుకున్నాయి. అవన్నీ చదివాక కూడా ఆ మాస్టారి రెండు ప్రశ్నలకు సూటి జవాబు దొరకదు.

ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది

నియంత్రణ అనగానే సంపాదకులు ఉలిక్కిపడతారు. పత్రికా స్వేచ్ఛకు ముప్పు ముంచుకొచ్చిందని రాస్తారు. ఆ భయం వట్టిదని నేననను. కానీ ఆ రాతల్లో ఒక ఊహ దాగి ఉంటుంది: మీడియా ఇప్పుడు ఎవరి అదుపులోనూ లేదని, ఎవరో కొత్తగా పగ్గాలు తెచ్చి వేయబోతున్నారని. తెలుగు రాష్ట్రాల్లో గత పదేళ్లుగా టీవీ చూస్తున్నవాళ్లు ఆ మాట నమ్మరు.

2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడిన కొద్ది రోజులకే టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి చానళ్లు కేబుల్‌లో రావడం ఆగిపోయింది. కొత్త ఎమ్మెల్యేలను, తెలంగాణ యాసను కించపరిచారన్నది ఆరోపణ. నెలల తరబడి ఆ నిషేధం సాగింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారింది, ఏబీఎన్, టీవీ5 కనిపించడం మానేశాయి. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది, ఈసారి టీవీ9, సాక్షి, ఎన్టీవీ, 10టీవీ వంతు. ఢిల్లీ హైకోర్టు కలగజేసుకుని ప్రసారాలు పునరుద్ధరించమని, కేబుల్ ఆపరేటర్లకు సిగ్నల్ ఇచ్చే ఎంఎస్‌వోలను ఆదేశించాల్సి వచ్చింది. మూడుసార్లు పార్టీలు వేరు, చానళ్ల జాబితా వేరు. అధికారంలో ఉన్నవాళ్ల జవాబు మాత్రం ఇంచుమించు ఒకటే: మాకేం సంబంధం, అది కేబుల్ ఆపరేటర్ల ఇష్టం. ఉత్తర్వు కాగితం లేదు, నోటీసు లేదు, విచారణ లేదు, అప్పీలు లేదు. ఇంత సమర్థంగా పనిచేసే నియంత్రణ వ్యవస్థ ప్రపంచంలో ఇంకెక్కడుందో నాకు తెలియదు.

కేబుల్‌తో పని జరగకపోతే పోలీసు స్టేషన్ ఉంది. 2021 మే నెలలో ఎంపీ రఘురామకృష్ణరాజు మాటలు ప్రసారం చేసినందుకు ఏబీఎన్, టీవీ5 చానళ్ల మీద ఆంధ్రప్రదేశ్ సీఐడీ రాజద్రోహం కేసు పెట్టింది. చానళ్ల మీద కఠిన చర్యలు తీసుకోవద్దని సుప్రీంకోర్టు ఆపింది. 2025 జూన్‌లో సాక్షి టీవీ చర్చా కార్యక్రమంలో ఒక అతిథి అమరావతి మహిళల గురించి నీచంగా మాట్లాడితే, కార్యక్రమం నడిపిన కొమ్మినేని శ్రీనివాసరావును అరెస్టు చేశారు. ఆయన్ను విడుదల చేయమన్నదీ సుప్రీంకోర్టే. అదే ఏడాది మార్చిలో హైదరాబాద్‌లో, ముఖ్యమంత్రిని ఒక రైతు తిట్టిన వీడియో పెట్టినందుకు ఇద్దరు మహిళా యూట్యూబ్ పాత్రికేయులను తెల్లవారకముందే పట్టుకుపోయారు. ఆ అతిథి మాటలను నేను సమర్థించను, ఆ వీడియోలోని బూతులను అంతకంటే సమర్థించను. కానీ ఆ తప్పులను తూచాల్సిన తక్కెడ ఎస్సై బల్లమీద ఉండాలా?

జీవోల సంగతీ చెప్పుకోవాలి. 2007లో వై.ఎస్. ప్రభుత్వం తప్పుడు వార్తల మీద కేసులు వేసేందుకు జీవో 938 తెచ్చి, పాత్రికేయులు రోడ్డెక్కాక పక్కన పెట్టింది. 2019లో జీవో 2430 వచ్చింది. తప్పుడు వార్తల మీద ఫిర్యాదులు చేసే, కేసులు వేయించే అధికారం ఆయా శాఖల కార్యదర్శులకు ఇచ్చింది. అంటే ఎవరి మీద వార్త రాశారో వాళ్లే అది తప్పో ఒప్పో తేలుస్తారు. ప్రెస్ కౌన్సిల్ దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. ఇంకాస్త వెనక్కి వెళ్తే 1983లో "పెద్దల సభలో గలభా" అన్న శీర్షిక పెట్టినందుకు ఈనాడు సంపాదకుడు రామోజీరావు మీద శాసనమండలి హక్కుల తీర్మానం నడిపింది, అదీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇక ప్రభుత్వ ప్రకటనలు ఎవరికి ఇస్తారు, ఎవరికి ఆపుతారు అన్నది ఏ పేపరు అడ్వర్టయిజ్‌మెంట్ మేనేజర్ని అడిగినా చెబుతాడు.

కాబట్టి నియంత్రణ ఉండాలా అన్న ప్రశ్నకు కాలం చెల్లింది. అది ఉంది. స్వతంత్రంగా లేదు.

ఢిల్లీలో ఒక కౌన్సిల్

మాస్టారి రెండో ప్రశ్నకు చట్టంలో ఒక జవాబు ఉంది. 1952లో వేసిన మొదటి ప్రెస్ కమిషన్‌కు జస్టిస్ రాజాధ్యక్ష అధ్యక్షుడు. 1954 నివేదికలో పత్రికల నైతికతను చూడటానికి ఒక కౌన్సిల్ కావాలని ఆయన కమిషన్ చెప్పింది. చట్టం రావడానికి మరో పదకొండేళ్లు పట్టింది. 1966లో జస్టిస్ జె.ఆర్. ముధోల్కర్ తొలి అధ్యక్షుడిగా ప్రెస్ కౌన్సిల్ పని మొదలుపెట్టింది. నవంబరు 16న మనం జాతీయ పత్రికా దినోత్సవం జరుపుకునేది అందుకే.

పదేళ్లు నిండకుండానే దాని గొంతు నొక్కారు. అత్యవసర పరిస్థితిలో, 1975 డిసెంబరులో ఒక్క ఆర్డినెన్స్‌తో రద్దుచేశారు. అప్పటికి కౌన్సిల్ ముందు ఒక పెద్ద కేసు విచారణలో ఉంది. హిందుస్థాన్ టైమ్స్ సంపాదకుడు బి.జి. వర్గీస్‌ను యాజమాన్యం తొలగించిన కేసు. సంపాదకుడికి రక్షణ ఉందా, ఉంటే ఎవరి నుంచి అన్న ప్రశ్న తేలకముందే తేల్చాల్సిన సంస్థే లేకుండా పోయింది. చట్టం చేసి పెట్టిన స్వతంత్ర సంస్థను చట్టంతోనే ఎంత తేలిగ్గా చంపవచ్చో అప్పుడే తెలిసింది. 1978 చట్టంతో మళ్లీ ప్రాణం పోసుకుని ఇప్పటికీ నడుస్తోంది.

దాని నిర్మాణం కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. అధ్యక్షుడు కాక 28 మంది సభ్యులు. అందులో 20 మంది పత్రికా రంగం నుంచి: 13 మంది వర్కింగ్ జర్నలిస్టులు (వారిలో ఆరుగురు సంపాదకులు), ఆరుగురు పెద్ద, మధ్య, చిన్న పత్రికల యజమానులు, ఒకరు వార్తా సంస్థల తరఫున. అయిదుగురు ఎంపీలు. యూజీసీ, బార్ కౌన్సిల్, సాహిత్య అకాడమీల నుంచి ఒక్కొక్కరు. అధ్యక్షుణ్ణి ఎంచుకునే ముగ్గురిలో రాజ్యసభ చైర్మన్, లోక్‌సభ స్పీకర్, కౌన్సిల్ సభ్యులు ఎన్నుకున్న ఒక ప్రతినిధి ఉంటారు. ఆ కుర్చీలో కూర్చునేది రిటైరైన సుప్రీంకోర్టు న్యాయమూర్తి కావడం ఆనవాయితీ. 2022లో జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ ఆ పదవిలోకి వచ్చిన తొలి మహిళ.

సాక్షులను పిలిపించడంలో సివిల్ కోర్టుకున్న అధికారాలు కౌన్సిల్‌కు ఉన్నాయి. వార్త ఎవరు చెప్పారో బయటపెట్టమని పాత్రికేయుణ్ణి బలవంతపెట్టకూడదన్న మంచి నియమమూ ఉంది. ప్రభుత్వాల తీరు మీద కూడా వ్యాఖ్యానించవచ్చు. ఇంతా చేసి, తప్పు తేలాక చేయగలిగింది హెచ్చరించడం, మందలించడం, గర్హించడం. ఆ నిర్ణయాన్ని అచ్చు వేయమని పత్రికను కోరవచ్చు, వేయకపోతే వేసే శిక్ష లేదు. డబ్బుకు ఎక్కువ భాగం కేంద్ర ప్రభుత్వ గ్రాంటే దిక్కు. చూసేది పత్రికలను మాత్రమే, టీవీ దాని పరిధిలో లేదు, వెబ్‌సైట్ల ఊసే లేదు. 2024 అక్టోబరులో గడువు తీరిన కౌన్సిల్ స్థానంలో కొత్తది వెంటనే రాలేదు. ఏ జర్నలిస్టు సంఘాలకు చోటివ్వాలన్న తగాదా ఢిల్లీ హైకోర్టుకు చేరింది.

కోరలు లేని కౌన్సిల్ అని దాన్ని వెక్కిరించడం మన వృత్తిలో అలవాటు. నా ఫిర్యాదు వేరు. కోరలు అవసరంలేని చోట కూడా అది నోరు మూసుకుంది.

డెబ్బై ఒక్క పేజీలు

2009 ఎన్నికల నాటికి తెలుగు నేల మీద "ప్యాకేజీ" అన్న మాటకు కొత్త అర్థం వచ్చింది. అభ్యర్థి ఇంత ఇస్తే ఇన్ని రోజులు ఇన్ని కాలమ్‌లు. ప్రచార వార్త, ఇంటర్వ్యూ, గెలుపు ఖాయమన్న విశ్లేషణ, అన్నీ వార్తల రూపంలోనే, ప్రకటన అన్న ముక్క ఎక్కడా లేకుండా. ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులూ గెలుస్తున్నట్టు రాసిన సందర్భాలున్నాయి. ఈ వ్యాపారాన్ని మొదట లెక్కగట్టి బయటపెట్టినవాళ్లలో మన ఏపీ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం ఉండటం తెలుగు పాత్రికేయులు గర్వపడాల్సిన విషయం. తమ వృత్తి మీదే వాళ్లు సర్వే చేశారు. ఇటు మహారాష్ట్రలో పి. సాయినాథ్ ది హిందూలో రాశారు.

ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘం వేసింది. ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా, మరొకరు తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి. ఇద్దరూ తిరిగారు, అడిగారు, 71 పేజీల నివేదిక రాశారు. పత్రికల పేర్లతో సహా రాశారు. 2010 జూలైలో కౌన్సిల్ కూర్చుని ఆ నివేదికను అటక ఎక్కించింది. యాజమాన్యాల ప్రతినిధులు గట్టిగా అడ్డుపడ్డారు. పేర్లన్నీ తీసేసి, నీతులు మాత్రం మిగిల్చిన చిన్న నివేదిక ఒకటి బయటికొచ్చింది. అసలు నివేదిక జనం చూడటానికి కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావాల్సి వచ్చింది, అదీ 2011లో.

ఆలోచించండి. ఒక వెబ్‌సైట్‌లో 71 పేజీలు పెట్టడానికి కోరలెందుకు? జరిమానా అధికారం ఎందుకు? కౌన్సిల్ ఓడిపోయింది అధికారాలు లేక కాదు, తీర్పు చెప్పే బల్ల దగ్గర ముద్దాయి కూడా కుర్చీ వేసుకుని కూర్చున్నందువల్ల. నియంత్రణ సంస్థకు ప్రభుత్వం నుంచి స్వాతంత్ర్యం ఎంత అవసరమో యజమానుల నుంచి స్వాతంత్ర్యం అంతే అవసరమని ఈ ఒక్క ఉదంతం చెబుతుంది. పత్రికా స్వేచ్ఛ పేరుతో జరిగే చర్చల్లో ఈ రెండో సగం ఎప్పుడూ జారిపోతుంటుంది. చర్చ జరిగేది ఆ యజమానుల పేజీల్లోనే కదా.

దీనికో కొసరు కూడా ఉంది. ఉత్తరప్రదేశ్‌లో ఉమ్లేశ్ యాదవ్ అనే ఎమ్మెల్యే మీద రెండు హిందీ పత్రికల్లో వచ్చిన చెల్లింపు వార్తల గురించి కౌన్సిల్‌కు ఫిర్యాదు వెళ్లింది, రుజువైంది. ఆ ఖర్చు లెక్కల్లో చూపనందుకు 2011లో ఎన్నికల సంఘం ఆమెను అనర్హురాలిగా ప్రకటించింది. సరుకు కొన్న మనిషికి పదవి పోయింది. అమ్మిన పత్రికలకు మందలింపు మిగిలింది.

లక్ష రూపాయల నైతికత

టీవీ కథ క్లుప్తంగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే అక్కడ జరిగింది తక్కువ. వార్తా చానళ్ల సంఘం (ఇప్పటి పేరు ఎన్‌బీడీఏ) 2008లో తనకు తాను ఒక ప్రమాణాల సంస్థ పెట్టుకుంది. జస్టిస్ జె.ఎస్. వర్మ వంటి పెద్దమనిషి దానికి తొలి అధ్యక్షుడు. మరుసటి ఏడాదే ఇండియా టీవీకి లక్ష రూపాయల జరిమానా వేశారు. చానల్ ఆ సంఘం నుంచే బయటికి నడిచింది, తర్వాత ఎప్పుడో తిరిగొచ్చింది. స్వీయ నియంత్రణ అంటే ఏమిటో ఇంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరు: ఆటలో ఓడితే బంతి పట్టుకుని ఇంటికి పోవచ్చు. 2019లో పోటీగా మరో సంఘం పుట్టింది. ఈ అంపైరు నచ్చకపోతే ఆ అంపైరు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, ఒక కార్యక్రమంతో చానల్ సంపాదించేదాని ముందు లక్ష జరిమానా ఏపాటిదని అడిగారు.

ఆ మధ్యలో మనం ఏమేం చూశాం? 2018లో శ్రీదేవి చనిపోతే బాత్‌టబ్‌లోకి దిగి చూపించిన తెలుగు విలేకరిని చూశాం. 2019 చివర్లో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరంలో, బాధితురాలి పేరు చెప్పకూడదని చట్టం స్పష్టంగా చెబుతున్నా, పేరూ ఫొటో ఇంటింటికీ చేరాకే "దిశ" అన్న పేరు పెట్టాల్సి వచ్చింది. ఇందులో ఏ ఒక్కదానికీ రాజద్రోహం కేసు పెట్టలేదు, ఏ కేబుల్ ఆపరేటరూ చానల్ ఆపలేదు. ముఖ్యమంత్రుల పరువు పోయినప్పుడు కదిలే యంత్రాంగానికి చనిపోయిన ఆడపిల్ల పరువు పట్టలేదు.

గాలి తరంగాలు జనం ఆస్తి అని, వాటిని ప్రభుత్వం చేతిలో గానీ ప్రైవేటు చేతిలో గానీ వదిలేయకుండా ఒక స్వతంత్ర ప్రజా సంస్థ చూసుకోవాలని సుప్రీంకోర్టు చెప్పి ముప్పై ఏళ్లు దాటింది. 1995 ఫిబ్రవరిలో వచ్చిన ఆ తీర్పులో మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి విడిగా రాసిన భాగం ఈనాటికీ చదవదగ్గది. ప్రధాన తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్ తర్వాత ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుడయ్యారు. ఆ తీర్పు కోరిన సంస్థ మాత్రం రాలేదు. 1997 నుంచి బిల్లు మీద బిల్లు వచ్చిపోయాయి. 2014లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్, పత్రికకూ టీవీకీ కలిపి ఒకే సంస్థ ఉండాలని, అందులో మీడియాకు బయటివాళ్లే ఎక్కువమంది ఉండాలని, రాజకీయ పార్టీలను ప్రసార రంగంలోకి రానివ్వకూడదని సిఫార్సు చేసింది. ఆ చివరి సిఫార్సు అమలైతే తెలుగులో ఎన్ని చానళ్లు మిగులుతాయో పాఠకులే లెక్కవేసుకోవచ్చు. 2021లో శశి థరూర్ నాయకత్వంలోని పార్లమెంటరీ సంఘం కూడా పత్రిక, టీవీ, డిజిటల్ మూడింటికీ ఒకే మీడియా కౌన్సిల్ పెట్టమంది.

ప్రభుత్వం ఎంచుకున్న దారి వేరు. 2021 ఐటీ నిబంధనలతో డిజిటల్ వార్తల మీద మూడంచెల వ్యవస్థ పెట్టి, పై అంచెలో అధికారుల కమిటీని కూర్చోబెట్టింది. బొంబాయి హైకోర్టు అందులో కీలక భాగాన్ని ఆపింది. 2023లో తన గురించి వచ్చిన వార్తల్లో ఏది అబద్ధమో తానే తేల్చే ఫ్యాక్ట్ చెక్ విభాగానికి నిబంధన రాసుకుంది. అదే హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పాక, మూడో న్యాయమూర్తి జస్టిస్ చందూర్కర్ 2024 సెప్టెంబరులో అది చెల్లదన్నారు. జీవో 2430 రాసిన బుద్ధీ, ఈ నిబంధన రాసిన బుద్ధీ ఒక్కటే. ప్రసార సేవల బిల్లు ముసాయిదాను కూడా నిరసనల మధ్య 2024 ఆగస్టులో వెనక్కి తీసుకున్నారు.

లండన్‌లో ఏం జరిగింది

ఈ చర్చలో బ్రిటన్‌ను తలవని వ్యాసం ఉండదు. 2011లో న్యూస్ ఆఫ్ ది వరల్డ్ పత్రిక మనుషులు, హత్యకు గురైన ఒక పదమూడేళ్ల పిల్ల ఫోనులోని సందేశాలను దొంగచాటుగా విన్నారని బయటపడింది. 168 ఏళ్ల పత్రిక, అది బయటపడిన నెలలోనే మూతపడింది. జడ్జి లెవెసన్ విచారణ జరిపి 2012 నవంబరులో రెండువేల పేజీల నివేదిక ఇచ్చాడు. ఆయన చెప్పిన ఉపాయం తెలివైనది: సంస్థను పత్రికలే పెట్టుకోవచ్చు, కానీ అది నిజంగా స్వతంత్రంగా ఉందా లేదా అని చూసి గుర్తింపునిచ్చే మరో సంస్థ ఉండాలి. ప్రభుత్వం చేయి తగలకుండా రాజశాసనం ద్వారా ఆ గుర్తింపు సంస్థను పెట్టారు.

పెద్ద పత్రికలు ఆ గుర్తింపు అడగనే లేదు. 2014లో ఐప్సో అనే సొంత సంస్థ పెట్టుకున్నాయి. గార్డియన్, ఫైనాన్షియల్ టైమ్స్ దేనిలోనూ చేరలేదు. గుర్తింపు తీసుకున్న ఇంప్రెస్ అనే సంస్థలో ఉన్నవి ఎక్కువగా చిన్న పత్రికలు. చేరనివాళ్లు పరువునష్టం దావాల్లో గెలిచినా కోర్టు ఖర్చులు భరించాల్సి రావచ్చన్న నిబంధన ఒకటి 2013 చట్టంలో రాశారు. దాన్ని ఒక్కరోజు కూడా అమల్లోకి తేలేదు, 2024లో పూర్తిగా రద్దుచేశారు.

బ్రిటన్ నుంచి మనం నేర్చుకోగలిగింది ఆ నమూనా అని నేననుకోను. అక్కడ కర్ర ఉంది గానీ ఎత్తలేదు, బెల్లం ఉంది గానీ ఎవరికీ రుచించలేదు. సంస్థలో చేరితే పత్రికకు ఏదో ఒక గట్టి లాభం ఉండాలన్న ఆలోచన మాత్రం పట్టుకోదగ్గది.

పాత్రికేయుడికి ఏం మిగులుతుంది

మనకు పనికొచ్చే బెల్లం ఏది? ప్రభుత్వ ప్రకటనలు, అక్రెడిటేషన్ కార్డులు సంస్థతో ముడిపెట్టమనే వాళ్లున్నారు. అది ఉరితాడును కొత్త చేతికివ్వడమే. నా లెక్కలో మన దేశంలో పాత్రికేయుడికి అన్నిటికంటే విలువైనది వేరే ఉంది: తెల్లవారుజామున పోలీసులు తలుపు తట్టకపోవడం.

వైద్యుల విషయంలో ఈ దారి ఇప్పటికే ఉంది. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, వైద్యంలో నిర్లక్ష్యం అన్న ఆరోపణ మీద డాక్టరుపై ముందుకెళ్లేముందు దర్యాప్తు అధికారి స్వతంత్ర వైద్య నిపుణుల అభిప్రాయం తీసుకోవాలంది. పాత్రికేయులకూ అలాంటి వడపోత కావాలని పాత్రికేయుడు వినోద్ దువా కోర్టును అడిగారు. 2021 జూన్‌లో ఆయన మీద రాజద్రోహం కేసును కొట్టేసిన అదే తీర్పులో, ఈ కోరికను మాత్రం కోర్టు తిరస్కరించింది. అది చట్టసభల పని, మేం చొరబడలేమంది.

సరే, చట్టసభల పనే అనుకుందాం. కొత్త సంస్థ చట్టంలో ఈ ఒక్క నియమం రాయాలి: ఆ సంస్థలో చేరి, దాని ఆదేశాలు పాటించే పత్రిక, చానల్, వెబ్‌సైట్, యూట్యూబ్ చానల్ ఏదైనా సరే, వార్త లేదా వ్యాఖ్య మీద వచ్చిన ఫిర్యాదులో సంస్థ అభిప్రాయం అందేదాకా పోలీసులు అరెస్టు చేయకూడదు. ఎవరు పాత్రికేయుడు, ఎవరు కాదన్న అంతులేని తగాదా కూడా దీంతో సగం తీరుతుంది. చేరి, తప్పు దిద్దుకోవడానికి సిద్ధపడ్డవాడు పాత్రికేయుడు. సెల్‌ఫోన్‌తో వీడియో తీసే కుర్రాడైనా సరే, నలభై ఎడిషన్ల పత్రికైనా సరే. చేరడం ఇష్టంలేనివాడికి మామూలు చట్టం ఉండనే ఉంది.

దానికి బదులుగా పత్రిక ఇవ్వాల్సింది ఒక్కటే. తప్పు తేలితే ఖండన అదే పేజీలో, అదే చోట, అంతే పెద్ద అక్షరాల్లో వేయాలి. టీవీ అయితే అదే సమయంలో, అదే స్క్రోలింగుతో. లైసెన్సు రద్దుచేసే అధికారం ఆ సంస్థకు వద్దు. ప్రసారం ఆపే అధికారం అసలే వద్దు. 2022లో మీడియావన్ చానల్ లైసెన్సు పునరుద్ధరించకుండా, కారణాలు సీల్డ్ కవరులో పెట్టి ప్రసారం ఆపితే, 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టేసింది. అలాంటి అధికారం ఎవరి చేతికిచ్చినా ఏదో రోజు వాడతారు. కోట్ల జరిమానాలూ నాకు రుచించవు, పెద్ద యజమాని కట్టేసి నవ్వుతాడు, చిన్న పత్రిక మూతపడుతుంది. మొదటి పేజీలో, బొమ్మ పక్కనే, "నిన్న మేం రాసింది తప్పు" అని అచ్చేయడం మాత్రం ఏ యజమానికైనా లక్ష రూపాయల కంటే ఎక్కువ నొప్పి. డెస్క్‌లో పనిచేసినవాణ్ణి, తెలిసే చెబుతున్నాను.

బల్ల చుట్టూ ఎవరు కూర్చోవాలి? యజమానులూ, ఎంపీలూ కలిపి మూడోవంతు దాటకూడదు. ఇప్పుడున్న కౌన్సిల్‌లో పాఠకుడికి కుర్చీయే లేదు. ఖర్చుకు ఏటా శాఖ ఇచ్చే గ్రాంటు కాక, పత్రికల, చానళ్ల ప్రకటన ఆదాయం మీద చట్టంలోనే రాసిన చిన్న సుంకం ఉండాలి. ఎంపిక కమిటీ గురించి ఎక్కువ ఆశలు పెట్టుకోను. 2023 మార్చిలో ఎన్నికల కమిషనర్ల ఎంపికకు ప్రధానమంత్రి, ప్రతిపక్ష నేత, ప్రధాన న్యాయమూర్తి కూర్చోవాలని సుప్రీంకోర్టు చెబితే, ఆ డిసెంబరుకల్లా కొత్త చట్టంతో ప్రధాన న్యాయమూర్తి కుర్చీలో కేంద్ర మంత్రి వచ్చి కూర్చున్నాడు. ఇంకా తేలిక మార్గం ఒకటుంది, ఎవర్నీ నియమించకపోవడం. తెలంగాణ సమాచార కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరూ లేకుండా ఖాళీ కుర్చీలతో ఉండిపోయింది. కాబట్టి పాత సభ్యులు, కొత్తవాళ్లు వచ్చేదాకా కొనసాగుతారన్న చిన్న వాక్యం ఏ పెద్ద ఎంపిక కమిటీకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

ఇంకొక మనిషి గురించి చెప్పకుండా ఈ చర్చ ముగించలేను. మన తెలుగు పత్రికల బలమంతా మండలాల్లో ఉన్న కంట్రిబ్యూటర్ల మీద నిలబడింది. చాలామందికి జీతం లేదు, లైనుకింత అని లెక్క. పండగ వస్తే ప్రకటనల టార్గెట్ మాత్రం ఉంటుంది. సర్పంచి దగ్గర ప్రకటన అడుక్కున్నవాడు మర్నాడు ఆ సర్పంచి మీద వార్త ఎలా రాస్తాడు? ఆ మాస్టారి వార్త రాసినవాడూ ఒక కంట్రిబ్యూటరే. పొరపాటు తేలాక అతన్ని తీసేశాం. ఆ వార్తను సరిచూడని డెస్క్‌ను, సరిచూసే తీరిక డెస్క్‌కు ఇవ్వని యాజమాన్యాన్ని ఎవరూ ఏమీ అనలేదు. యజమాని మీద విలేకరి ఇచ్చే ఫిర్యాదును, ప్రకటన తేలేదని తీసేసిన విలేకరి మొరను వినని సంస్థ ఎంత స్వతంత్రమైనదైనా సగం పనే చేస్తుంది. వర్గీస్ కేసు అప్పుడు తేలలేదు, ఇప్పటికీ తేలలేదు.

అలాంటి సంస్థ వచ్చేదాకా ఉన్నదాన్ని వాడుకోవాలి. దినపత్రికలోనో, వారపత్రికలోనో మీ గురించి తప్పు వస్తే ముందు సంపాదకుడికి ఉత్తరం రాయండి, నకలు దగ్గర పెట్టుకోండి. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా, వార్త వచ్చిన రెండు నెలల్లోపు ఢిల్లీలోని ప్రెస్ కౌన్సిల్‌కు ఆ కత్తిరింపు, ఉత్తరం నకలు జతచేసి పంపండి. లాయరు అక్కర్లేదు. టీవీ అయితే ఆ చానల్ ఏ సంఘంలో ఉందో ముందు చూసుకోండి. ఎన్‌బీడీఏలో ఉంటే, ప్రసారమైన ఏడు రోజుల్లోపు చానల్‌కే రాయాలి. ఫిర్యాదులో ఒక్క వాక్యం మాత్రం తప్పకుండా చేర్చండి: ఖండన ఏ పేజీలో కావాలో.